మనోవ్యాధికి మాట మందు: దక్షిణ ఒడిశా తెలుగువారికి సైకోథెరపీ మార్గదర్శి

మనోవ్యాధికి మందు లేదన్న సామెత మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. బరంపురంలో పుట్టి పెరిగిన నేను ఆ మాటను ఓదార్పుగా పలికేవారినీ చూశాను, ఇక చేయగలిగింది లేదని చేతులెత్తేస్తూ పలికేవారినీ చూశాను. దిగులు, భయం, నిద్రలేమి, వదలని అనుమానం, దుర్ఘటన తరువాత వెంటాడే జ్ఞాపకం వంటి అనేక బాధలకు మాటల ద్వారా జరిగే చికిత్స, అంటే సైకోథెరపీ, ఉన్నదనీ, అది పరీక్షలకు నిలిచిందనీ చెప్పడానికే ఈ మార్గదర్శిని రాస్తున్నాను. శస్త్రచికిత్సకు కత్తి ఎలాంటిదో ఈ చికిత్సకు భాష అలాంటిది కాబట్టి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో హిందీ మాట్లాడే మనవంటి సరిహద్దు వాసులు మిగిలినవారికి అక్కరలేని ఒక జాగ్రత్తను అదనంగా తీసుకోవాలి. ఆ జాగ్రత్త ఏమిటో నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను.

2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానులో మా నాన్నగారి దుకాణం రేకులన్నీ ఎగిరిపోయాయి. రేకులు మళ్లీ వేయించుకున్నాం గానీ, ఆ తరువాత ఏ రాత్రి గాలి కాస్త గట్టిగా వీచినా ఆయన మంచం మీద లేచి కూర్చుని తెల్లవారే దాకా తలుపు గడియ పట్టుకుని ఉండేవారు. ఆసుపత్రిలో డాక్టరుగారు ఒడియాలో అడిగినప్పుడు నాన్నగారు తెలుగులో, "గుండె జారిపోతోంది బాబూ, గాలి ఊళ వేస్తే ప్రాణం పోయినట్టుంటోంది" అన్నారు. పక్కన నిలబడి ఒడియాలోకి మార్చి చెప్పింది నేనే. రాత్రిపూట గుండెలో ఇబ్బందిగా ఉంటోందని చెప్పాను. డాక్టరుగారు విన్నదాన్ని బట్టి ఈసీజీ తీయించారు, తరువాత మరికొన్ని గుండె పరీక్షలు చేయించారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఎన్నో నెలల తరువాత తెలుగు మాట్లాడే ఒక సైకాలజిస్టు దగ్గర, నేను గది బయట కూర్చుని ఉండగా, నాన్నగారు తాను ఆ రోజుల్లో చనిపోవాలని కూడా అనుకున్నట్టు చెప్పారట. కొడుకు దుబాసీగా నిలబడి ఉంటే ఏ తండ్రి ఆ మాట చెప్పగలడు?

మొదటి మెట్టు: ఈ చికిత్స నిజంగా పనిచేస్తుందా అన్న సందేహాన్ని తీర్చుకోవడం

నమ్మకం లేకుండా వెళ్లినవారు రెండు సార్లు వెళ్లి మానేస్తారు కాబట్టి దీనితోనే మొదలుపెడుతున్నాను. 'మాట్లాడితే జబ్బు తగ్గుతుందా' అన్న ప్రశ్న పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా అడిగిన ప్రశ్నే. 1952లో లండన్‌లో హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సైకోథెరపీ తీసుకున్నవారికీ తీసుకోనివారికీ కోలుకోవడంలో తేడా కనబడటం లేదని వాదించాడు. ఆ వాదన వల్ల మేలే జరిగింది. చికిత్స పొందినవారిని ఒక జట్టుగా, పొందనివారిని మరొక జట్టుగా పెట్టి కొలిచే అధ్యయనాలు ఆ తరువాతి కాలంలో వందల కొద్దీ జరిగాయి. 1977లో అమెరికాలో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ అటువంటి 375 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టినప్పుడు, చికిత్స పొందిన సగటు మనిషి, పొందని జట్టులోని 75 శాతం మంది కంటే మెరుగైన స్థితిలో ఉన్నాడని తేలింది.

అయితే ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. మంచి ఫలితాలు వచ్చిన అధ్యయనాలే ఎక్కువగా అచ్చవుతాయి కాబట్టి పాత లెక్కలలో కొంత అతిశయం చేరిందని తరువాతి పరిశోధకులు చూపించారు. డిప్రెషన్, అంటే కుంగుబాటు మీద 2021లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, సుమారు రెండు నెలల చికిత్స ముగిసేసరికి లక్షణాలు సగానికి సగం తగ్గినవారు సైకోథెరపీ పొందినవారిలో 41 శాతం కాగా, మామూలు వైద్యసేవలు మాత్రమే పొందినవారిలో 17 శాతం. అంటే తొలి రెండు నెలల్లో అందరికీ నయమైపోదు. కానీ దాని సాయం తీసుకున్నవారికి అంతగా మెరుగుపడే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువ. కుంగుబాటుకు మాత్రలు వాడి ఆపేసినవారితో పోలిస్తే, ఆలోచనలను, ప్రవర్తనను సరిచూసుకునే సీబీటీ అనే పద్ధతిలో చికిత్స ముగించినవారిలో అది తిరగబెట్టడం తక్కువని కూడా తేలింది. మాత్ర మానేస్తే దాని ప్రభావం ఆగిపోతుంది. నేర్చుకున్న పని మనిషితోనే ఉంటుంది. దీర్ఘకాలంగా ఉన్న తీవ్రమైన కుంగుబాటులో మాత్రలు, మాటల చికిత్స రెండూ కలిపితే ఏ ఒక్కదానికన్నా మేలు చేస్తాయి కాబట్టి ఈ రెండింటినీ ఒకదానికొకటి పోటీగా చూడకూడదు.

ఇవన్నీ పాశ్చాత్యుల లెక్కలు, మన పల్లెలకు వర్తిస్తాయా అని అడిగేవారికి గోవాలో జరిగిన పని చూపించాలి. విక్రమ్ పటేల్ బృందం అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, మనస్తత్వ శాస్త్రంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది విడతల మాటల చికిత్స చేయించింది. 2017లో వెలువడిన ఆ ఫలితాలలో, మూడు నెలల తరువాత చికిత్స పొందినవారిలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడగా, మామూలు సేవలు పొందినవారిలో 39 శాతం మందే బయటపడ్డారు. ఆ సలహాదారులు రోగుల ఊరి భాషలో, వాళ్ల ఇంటి పనుల గురించి, పొలం గురించి, ఇరుగుపొరుగు గురించి మాట్లాడారు. నా దృష్టిలో మన జిల్లాల వారికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు.

రెండవ మెట్టు: బాధను గుర్తించి, ముందు ఒంటిని పరీక్ష చేయించుకోవడం

మనవాళ్లు మనసు బాధను మనసు బాధగా చెప్పరు. గుండె దడ అంటారు, నరాల బలహీనత అంటారు, తల తిమ్మిరి, కడుపులో తిప్పు, ఒంట్లో నలత అంటారు. ఒడియా వచ్చినవారు మొనొ భొలొ లాగు నాహిఁ, అంటే మనసు బాగాలేదు, అని ఊరుకుంటారు. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, నిద్ర గానీ ఆకలి గానీ తారుమారు కావడం, ఒక భయం వల్ల బస్సు ఎక్కడమో బజారుకు పోవడమో మానేయడం కనిపిస్తే, అది స్వభావమని సరిపెట్టుకోక సాయం తీసుకోవాలి.

అయితే థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 లోపం కూడా నీరసాన్నీ దిగులునీ తెస్తాయి కాబట్టి మొదట ఒక మామూలు వైద్యుని దగ్గర రక్తపరీక్షలు చేయించుకోవడం మంచిది. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండ ప్రాంతాలలో ఉండేవారికి వణుకు, జ్వరం ఉంటే మలేరియా పరీక్ష కూడా అవసరం. పరీక్షలన్నీ బాగున్నాయని తేలిన తరువాత 'ఏమీ లేదు' అన్న మాటతో ఇంటికి తిరిగి రాకూడదు. గుండెకు ఏమీ కాలేదంటే దడ అబద్ధమని కాదు. దానికి చేయవలసిన చికిత్స వేరొక గదిలో ఉందని.

మూడవ మెట్టు: ముందు మందులు, రక్షణ కావలసిన స్థితులను వేరు చేయడం

ఎవరూ లేకుండా మాటలు వినిపించడం, తనను చంపడానికి కుట్ర జరుగుతోందని గట్టిగా నమ్మడం, రోజుల తరబడి నిద్రలేకుండా అతి హుషారుగా తిరుగుతూ డబ్బు తగలేయడం, బాలింత ఉన్నట్టుండి గందరగోళంగా ప్రవర్తించడం, ఏళ్లుగా తాగుతున్న మనిషి సారా ఒక్కసారిగా మానేసి వణకడం, మూర్ఛ రావడం: వీటిలో ఏది కనిపించినా మొదట చేరవలసింది సైకియాట్రిస్టు అనబడే మానసిక వైద్యుని దగ్గరకు గానీ, అత్యవసర విభాగానికి గానీ. మాటల చికిత్స ఆ తరువాత తోడుగా వస్తుంది.

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవారిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లోని పురుగుల మందు, మాత్రలు, తాళ్లు వారికి అందకుండా తీసేయాలి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగటానికి వెనుకాడనవసరం లేదు, ఎందుకంటే అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, పైగా అడిగినవారికే మనిషి నోరు విప్పుతాడు. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఆలస్యం చేసిన కుటుంబాలను చూశాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది.

నాలుగవ మెట్టు: ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడం

ఏ దారీ తెలియనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది టెలీ మానస్ అనే కేంద్ర ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగు, ఒడియా సహా 20 భాషలలో అందుతుంది. ఒడిశాలో ఉన్నాం కదా అని ఒడియాలోనే మాట్లాడాలన్న నియమం ఏమీ లేదు కాబట్టి, మొదటే తెలుగు కావాలని అడగాలి.

మనిషిని ఎదురుగా కలవాలనుకునేవారికి బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. తక్కిన పట్టణాలలో జిల్లా ప్రధాన ఆసుపత్రికి వెళ్లి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వారు ఏ రోజుల్లో కూర్చుంటారో అడగాలి. తెలుగు తప్ప మరొకటి రాని పెద్దవారికి సరిహద్దు దాటడమే మేలు కావచ్చు. విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు బరంపురం నుంచి రైల్లో నాలుగైదు గంటల ప్రయాణం. రాయగడ వారికి విజయనగరం మీదుగా దారి ఉంది, పర్లాకిమిడి వారికి మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కడి నుంచి శ్రీకాకుళం. అయితే ఈ చికిత్స వారం వారం జరిగేది. మొదటి ఉత్సాహంలో దూరపు ఊరు ఎంచుకుని, మూడో వారానికి ప్రయాణం భారమై మానేయడం కంటే, మొదటి ఒకటి రెండు సార్లు స్వయంగా వెళ్లి, మిగిలినవి వీడియో కాల్‌లో కొనసాగించే ఏర్పాటు గురించి ముందే మాట్లాడుకోవడం తెలివైన పని.

గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన కుర్రవాళ్లకు కూడా ఇదే దారి. పదిమంది ఉండే గదిలో మాట్లాడలేరు కాబట్టి, షిఫ్టు ముగిశాక ఏ మేడ మీదనో, ఏ పార్కులోనో కూర్చునే సమయాన్ని బట్టి విడతలు కుదుర్చుకోవాలి.

ఐదవ మెట్టు: చికిత్సకుని అర్హత, భాష అడిగి తెలుసుకోవడం

మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలు, సైకోథెరపీ చేస్తారు, వారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య అడిగితే నొచ్చుకోవడానికి ఏమీ లేదు. నొచ్చుకునేవారి దగ్గర నుంచి లేచి రావచ్చు. కౌన్సెలర్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోగలిగినది కాబట్టి, ఏం చదివారో, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారో, మీకున్న బాధ ఉన్నవారికి ఇదివరకు ఏ పద్ధతిలో చికిత్స చేశారో ఫోన్‌లోనే అడగాలి. ఒక్కో విడతకు ఎంత తీసుకుంటారో కూడా అప్పుడే తెలుసుకోవాలి. ఆరోగ్య బీమా ఉన్నవారు తమ పాలసీ కాగితం చూసుకోవాలి, ఎందుకంటే శారీరక వ్యాధులకు ఇచ్చే ప్రాతిపదిక మీదనే మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది.

ఇక భాష. మన ఊళ్లలో ఒడియా అందరికీ వచ్చు కదా, ఏ భాషలో చెబితే ఏమిటని అనుకుంటారు. బజారులో బేరమాడటానికి, ఆఫీసులో దరఖాస్తు రాయడానికి ఆ ఒడియా చాలు. కానీ బెంగ, దిగులు, ఉక్రోషం, కినుక, విరక్తి అన్నవి ఒకదానికొకటి వేరని చెప్పవలసి వచ్చినప్పుడు చాలదు. అమ్మ పోయినప్పుడు మనిషి ఏ భాషలో ఏడ్చాడో ఆ భాషలోనే ఆ సంగతి చెప్పగలగాలి. దీనికి మరొక వైపు కూడా ఉంది. ఒడియా బడిలో చదివి, ఒడియా స్నేహితులతో తిరిగి, తెలుగు అక్షరాలు రాని మన పిల్లలు చాలామంది ఉన్నారు, వారి పరీక్షల భయాలు, ప్రేమలు, అవమానాలు అన్నీ ఒడియాలోనే జరిగాయి. వారిని తెలుగు చికిత్సకుని దగ్గరకే లాక్కెళ్లాలనుకోవడం కూడా తప్పే. ఎవరి బాధ ఏ భాషలో ఉందో వారినే అడగాలి.

తెలుగు వచ్చిన చికిత్సకులు దొరకనప్పుడు ఇంటివారిని, ముఖ్యంగా పిల్లలను, దుబాసీలుగా పెట్టకండి. ఆసుపత్రిలోనే పనిచేసే తెలుగు నర్సునో సామాజిక కార్యకర్తనో అడగవచ్చు, వారు కూడా విన్నది బయట చెప్పకూడదు. అదీ కుదరకపోతే, మీకు బాధ కలిగించే మాటను తెలుగులోనే పలికి, దాని అర్థాన్ని ఒడియాలో నెమ్మదిగా వివరించండి. ఒకే ఒక మాటకు పది నిమిషాలు పట్టినా అది వృథా కాదు, చికిత్స జరిగేది ఆ వివరణలోనే.

ఆరవ మెట్టు: మొదటి విడతకు సిద్ధపడటం

ఒక కాగితం మీద బాధ ఎప్పుడు మొదలైంది, ఇప్పుడు వాడుతున్న మందులు, కుటుంబంలో ఎవరికైనా ఇటువంటిది ఉందా, చికిత్స అయ్యేసరికి ఏ పని చేయగలగాలని కోరుకుంటున్నారు అన్నవి రాసుకుని వెళ్లండి. చివరిది ముఖ్యం. 'మనసు ప్రశాంతంగా ఉండాలి' అన్న కోరికను కొలవలేం, 'మళ్లీ ఉదయాన్నే దుకాణం తెరవాలి' అన్నదాన్ని కొలవగలం. ఒక్కో విడత సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు ఉంటుంది. మొదటిది చాలావరకు ప్రశ్నలతోనే గడుస్తుంది, అందువల్ల మొదటి రోజే భారం దిగిపోవాలని ఆశించకూడదు. పాత గాయం గురించి మాట్లాడిన రోజు సాయంత్రం ఇంకాస్త బరువుగా ఉండటమూ మామూలే.

మన ఇళ్లలో రోగి ఒంటరిగా రాడు. అత్తగారో, అన్నగారో, మేనమామో వెంట వస్తారు, ఆ రావడంలో ప్రేమే ఉంటుంది. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలో గుడారాలలో ఉంచి చికిత్సలో భాగం చేశారు కాబట్టి, కుటుంబాన్ని కలుపుకోవడం మన దేశపు వైద్యానికి కొత్త కాదు. అయినా ప్రతి విడతలోనూ కొంత సేపు రోగి ఒక్కరే లోపల ఉండాలి. ఏ విషయాలు కుటుంబంతో చెప్పవచ్చో, ఏవి చెప్పకూడదో మొదటి రోజే చికిత్సకునితో తేల్చుకోవాలి. గోప్యత రోగి హక్కు అని 2017 చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు వంటి కొన్ని సందర్భాలలోనే దానికి మినహాయింపు ఉంటుంది. కోడలు లోపల ఏం చెప్పిందని బయటికి రాగానే అడగకుండా ఉండటం, ఆ ఇంటివారు చేయగలిగిన పెద్ద సాయం.

అమ్మవారికి మొక్కుకున్నవారు మొక్కు తీర్చుకోవచ్చు, ఠాకురాణీ యాత్రకు వెళ్లవచ్చు. ఏ మంచి చికిత్సకుడూ దానికి అడ్డు చెప్పడు. గాలి సోకిందనో చిల్లంగి పెట్టారనో చెప్పి కొట్టేవారి దగ్గరకు, వాతలు పెట్టేవారి దగ్గరకు, మందులు ఆపేయమనేవారి దగ్గరకు మాత్రం తీసుకువెళ్లకండి.

ఏడవ మెట్టు: రెండు విడతల మధ్య ఇంట్లో చేయవలసిన పని

వారానికి 168 గంటలు. అందులో చికిత్సకుని ఎదుట గడిచేది ఒక్క గంట. మిగిలిన గంటలలో ఏం జరుగుతుందన్నదాని మీదనే ఫలితం నిలుస్తుంది కాబట్టి ఈ మెట్టును కొంచెం వివరంగా రాస్తాను.

సీబీటీలో తరచుగా ఇచ్చే పని, ఆలోచనలను రాసుకోవడం. ఒక తల్లిని ఊహించుకుందాం. కొడుకు సూరత్‌లో ఉన్నాడు, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాడు, ఈ రోజు పది దాటినా చేయలేదు. ఆమెకు గుండె దడ మొదలవుతుంది, చేతులు చల్లబడతాయి, వరుసగా పదిహేను సార్లు ఫోన్ చేస్తుంది, వీధిలోకి వచ్చి ఏడుస్తుంది. ఆమె పుస్తకంలో మొదటి గడిలో జరిగినది రాస్తుంది: 'బాబు ఫోన్ చేయలేదు.' రెండవ గడిలో అప్పుడు మనసులో మెదిలినది: 'మిషన్‌లో చెయ్యి పడిపోయింది, నాకు చెప్పకుండా దాస్తున్నారు.' మూడవ గడిలో భయం ఎంతో, నూటికి తొంభై. నాలుగవ గడిలో ఆ ఆలోచనను బలపరిచేవి, బలపరచనివి రెండూ రాస్తుంది: పక్క వీధి కుర్రవాడికి నిరుడు దెబ్బ తగిలిన మాట నిజం, అయితే క్రితం నెలలో ఇలా ఫోన్ రాని రాత్రులు నాలుగు, నాలుగుసార్లూ ఓవర్‌టైమే కారణం. ఐదవ గడిలో, అన్నీ చూసుకున్న తరువాత నమ్మదగిన మాట: 'ఓవర్‌టైమ్ అయి ఉండవచ్చు, పదకొండు దాకా చూసి వాడి స్నేహితుడికి ఒక్కసారి చేస్తాను.' ఇప్పుడు భయం నూటికి యాభై. దీన్ని 'మంచిగా ఆలోచించు' అన్న ఉపదేశంతో పోల్చకూడదు. ఆమె తన భయాన్ని కొట్టిపారేయలేదు, దాన్ని సాక్ష్యంతో పక్కపక్కన పెట్టి చూసింది. చదువు రానివారు ఇదే పనిని ఫోన్‌లో గొంతు రికార్డు చేసి చేయవచ్చు, తెలుగు లిపి రానివారు తెలుగు మాటలనే ఒడియా అక్షరాలతో రాసుకోవచ్చు.

భయాలకు మరొక పని ఉంది. తప్తపాణి ఘాట్‌లో బస్సులో వెళుతుండగా ఒక ఉపాధ్యాయునికి ఊపిరాడనట్టయి, చనిపోతానేమోనన్న భయం కలిగిందనుకోండి. ఆయన ఆ రోజు నుంచి ఆ బస్సు ఎక్కడు, తరువాత ఏ బస్సూ ఎక్కడు, చివరికి మోహనలోని ఉద్యోగానికే సెలవు పెడతాడు. తప్పించుకున్న ప్రతిసారీ అప్పటికి హాయిగా ఉంటుంది, ఆ హాయే భయాన్ని మేపుతుంది, ఎందుకంటే 'ఎక్కి ఉంటే చచ్చేవాణ్ణి' అన్న నమ్మకం పరీక్షకు గురికాకుండానే బలపడుతుంది. చికిత్సలో ఆయనా చికిత్సకుడూ కలిసి నిచ్చెన కడతారు: మొదట బరంపురం బస్టాండులో ఆగి ఉన్న బస్సులో పది నిమిషాలు కూర్చోవడం, తరువాత ఊరిలోనే ఒక స్టాపు, ఆ తరువాత తమ్ముడితో కలిసి దిగపహండి దాకా, పిమ్మట ఒంటరిగా దిగపహండి దాకా, చివరికి ఘాట్ ఎక్కి మోహన. ప్రతి మెట్టు మీదా గుండె దడ తనంతట తాను తగ్గే దాకానో, అనుకున్న చావు రాలేదని తేలే దాకానో అక్కడే ఉండాలి. దడ శిఖరాన ఉన్నప్పుడు దిగిపోతే భయమే గెలిచినట్టు. ఒకే మెట్టును మూడు నాలుగు సార్లు ఎక్కవలసి రావచ్చు.

దిగులుతో మంచం పట్టినవారికి చేసే పని దీనికి తోబుట్టువు. మనసు బాగుపడ్డాక పనులు చేద్దామని ఎదురుచూడకుండా, చిన్న పనిని గంట కొట్టినట్టు వేళకు చేయడం: ఉదయం ఏడింటికి ముగ్గు, సాయంత్రం ఐదింటికి వీధి చివరి దాకా నడక, మంగళవారం చెల్లెలికి ఫోన్. ప్రతి పనికీ ఎదురుగా ఎంత హాయి కలిగిందో పదికి ఇంత అని రాసుకోవాలి. మొదటి వారం అంకెలు ఒకటి, రెండు దాటకపోవచ్చు, అయినా ఆపకూడదు.

ఎనిమిదవ మెట్టు: కొలుచుకోవడం

'కాస్త నయం' అన్న మాటను నమ్ముకోకండి. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, తెలుగులోనూ దొరుకుతుంది. గడచిన రెండు వారాల గురించి ఒక్కో ప్రశ్నకు సున్న నుంచి మూడు దాకా గుర్తు పెట్టాలి, మొత్తం 27. పది, అంతకు మించితే వైద్య సహాయం అవసరమని, ఇరవై, అంతకు మించితే తీవ్రమని లెక్క. చికిత్స మొదట్లో ఒకసారి, తరువాత రెండు మూడు వారాలకు ఒకసారి నింపి తేదీ వేసి దాచుకోండి. ఐదు అంకెలు తగ్గితే అది నిజమైన మార్పు, మొత్తం ఐదుకు లోపలికి వస్తే కుంగుబాటు నుంచి బయటపడినట్టు. తొమ్మిదవ ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్న కాక మరేది వచ్చినా, మొత్తం ఎంత తక్కువగా ఉన్నా, ఆ రోజే చికిత్సకునికి చెప్పాలి.

సీబీటీ సాధారణంగా 12 నుంచి 16 విడతలు సాగుతుంది. ఏడెనిమిది విడతలైనా అంకె కదలకపోతే ఆ పట్టికను బల్ల మీద పెట్టి ఎందుకని అడగాలి. పద్ధతి మార్చాలా, మందు తోడు కావాలా, ఇంట్లో కొట్టే భర్త వంటి అసలు కారణం ఇంకా చెప్పలేదా అన్నవి అప్పుడు తేలతాయి. చికిత్స మధ్యలో మానేసేవారు దాదాపు ఐదుగురిలో ఒకరు ఉంటారు. మానేయాలనిపించినప్పుడు ఆ సంగతి చెప్పడానికైనా ఇంకొక్కసారి వెళ్లండి, తరచుగా ఆ విడతే మలుపు అవుతుంది. నూటికి ఐదు నుంచి పదిమందిలో చికిత్స సమయంలో పరిస్థితి ఇంకా దిగజారడం కూడా ఉంది. దానికి రోగిని నిందించకూడదు, చికిత్సకుణ్ణి మార్చుకోవాలి. గోప్యత తప్పినా, కులాన్నో భాషనో చులకన చేసినా, శరీరాన్ని తాకడానికి ప్రయత్నించినా, తన సొంత అవసరాలకు మిమ్మల్ని వాడుకున్నా విడతలు లెక్కపెట్టకుండా ఆ రోజే మానేయాలి.

తొమ్మిదవ మెట్టు: ముగించడం

చికిత్స హఠాత్తుగా ఆగకూడదు. అంకెలు తగ్గి, మొదటి రోజు కాగితం మీద రాసుకున్న పని చేయగలుగుతున్నప్పుడు వారానికి ఒకటిగా ఉన్న విడతలను పదిహేను రోజులకు ఒకటి, నెలకు ఒకటి చేసుకుంటూ రావాలి. మందులు కూడా వాడుతున్నవారు వాటిని సైకియాట్రిస్టు చెప్పినట్టుగానే నెమ్మదిగా తగ్గించాలి, బాగున్నాను కదా అని ఒక్కసారిగా ఆపకూడదు. చివరి విడతలో ఒక కాగితం తయారవుతుంది. బాధ తిరిగి వచ్చేముందు కనబడే మొదటి గుర్తులు, వాటికి ఇదివరకు పనికి వచ్చిన ఉపాయాలు, ఎవరికి చెప్పాలి, చికిత్సకుని నంబరు, 14416 దాని మీద ఉంటాయి.

మా నాన్నగారి కాగితం దుకాణంలో గల్లా పెట్టె మూత లోపలి వైపు అతికించి ఉండేది, ఆయన స్వయంగా చెప్పి తెలుగులో రాయించుకున్నారు. మొదటి గుర్తు: 'మధ్యాహ్నం నుంచే ఆకాశం చూడటం.' 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన ముందు రోజు ఆయన మధ్యాహ్నమే మా అమ్మను పిలిచి ఆ కాగితం చదివించుకున్నారు, సైకాలజిస్టుకు ఫోన్ చేశారు, రాత్రి మాతోపాటు మధ్య గదిలో పడుకున్నారు. నిద్ర పట్టలేదు గానీ, తలుపు గడియ పట్టుకోలేదు.